నలభై మూడు వస్తువుల బ్యాగు

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ఆసుపత్రి బ్యాగు సర్దెయ్యాలి. ఎనిమిదిన్నరకి స్నానం, తొమ్మిదింటికి టిఫిను, ఆ తరువాత రోజంతా భార్య పక్కన కూర్చుని ఆవిడ ఏం చెబితే అది వినాలి. ఇందుకోసం ఒక రోజు సెలవు కూడా పెట్టాడు. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజుల ముందే బ్యాగు సిద్ధం చేసే భర్త ఈ వీధిలో ఇంకొకడు ఉండడని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగితే మనం ఇప్పుడు ఈ కథ చెప్పుకునే వాళ్ళం కాదు, అంతే.

ఆయన పని చేసేది పార్సిల్ డిపోలో. పార్సిలు ఎలా కట్టాలో, ఎవరి చేతికివ్వాలో, ఎవరి చేతికి చచ్చినా ఇవ్వకూడదో నిబంధనలు రాసి, కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పి, పరీక్ష పెట్టడం ఉద్యోగం. పద్నాలుగేళ్ళలో ఆయన రాసిన నిబంధనల పుస్తకం నూట పన్నెండు పేజీలకు పెరిగింది. ప్రతి పేజీ వెనకా ఎప్పుడో ఎక్కడో తప్పిపోయిన ఒక పార్సిలుంది. డిపోలో అందరూ ఆయన్ని సీలు సారు అంటారు. మొదట్లో చాటుగా అనేవారు. ఆయనకి కోపం రాదని తెలిశాక ఎదురుగానే అంటున్నారు. నిజం చెప్పాలంటే ఆయనకది బిరుదులాగే ఉంది.

హాల్లో నేలమీద దుప్పటి పరిచి, దానిమీద వస్తువులన్నీ వరసగా పేర్చాడు. భార్య ఎదురుగా కుర్చీలో, కాళ్ళు పీటమీద పెట్టుకుని కూర్చుని చూస్తోంది.

"నాకు రెండు నైటీలు, ఫైలు, పుట్టేవాళ్ళకి నాలుగు గుడ్డలు. అంతకంటే ఏం అక్కర్లేదండీ," అంది.

"అక్కర్లేదు అనే మాట ఎప్పుడంటారో తెలుసా? వస్తువు మర్చిపోయాక," అన్నాడు సీలు సారు, జాబితా తీస్తూ.

జాబితాలో నలభై మూడు వస్తువులున్నాయి. ఎదురుగా మూడు గళ్ళు: తీసినట్టు, పెట్టినట్టు, పెట్టింది మళ్ళీ చూసినట్టు. ఇరవై రెండోది ఆయన గుర్తింపు కార్డు, ఆసుపత్రివాళ్ళు అడుగుతారని. ముప్ఫై ఒకటోది టార్చిలైటు. నలభై మూడోది ఆ జాబితాకే నకలు.

"ఏమండీ, పొద్దున్నుంచీ నడుం లాగుతోంది."

"తొమ్మిదో నంబరు, వేడినీళ్ళ సంచి," అని ఆయన టిక్కు పెట్టాడు. "నీ నడుం కోసమే."

"ఇప్పుడు లాగుతోందండీ."

"ఇప్పుడు తీస్తే అడుగునుంచి మళ్ళీ సర్దుకురావాలి. కాస్త ఓర్చుకో."

ఆవిడ ఓర్చుకుంది. ఆరేళ్ళ కాపురంలో ఆవిడకి ఆ విద్య బాగా పట్టుబడింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఏడో నంబరు, నీలం ఫైలు. ఆరో నెలలో జ్వరమొస్తే ఎవరో ఇచ్చిన ఒక ఇంజెక్షను పడక ఆవిడ ఒళ్ళంతా వాచిపోయింది. ఆ ఇంజెక్షను మళ్ళీ ఎవరూ ఇవ్వకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీ ఆ ఫైల్లో ఉంది. ఆ సాయంత్రం భార్య మొహం సీలు సారు ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే ఫ్రిజ్ మీదున్న నీలం ఫైలు రెండు చేతులతో తీసుకొచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగు మధ్యలో, మెత్తటి తువ్వాళ్ళ నడుమ దాచాడు.

"ఆ ఫైలు..." అనబోయింది ఆవిడ.

"పెట్టేశాను. మళ్ళీ చూశాను కూడా," అని ఆయన మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టాడు.

ఆవిడ ఆ సంగతి వదిలేసింది. కాసేపయ్యాక, "మీరేం పెట్టినా పెట్టకపోయినా నాకొకటే కావాలండీ," అంది. "నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మీరు పక్కనుండండి. నాకు భయమేస్తోంది."

సీలు సారు చేతిలో పెన్ను ఆగింది. మొదటి స్కానింగు రోజు ఆయన పక్కన లేడు. డిపోలో ఎవరివో కళ్ళజోళ్ళ పార్సిలు తప్పిపోతే దాన్ని వెతుకుతూ ఉండిపోయాడు. సాయంత్రం ఆవిడ స్కానింగు ఫొటో చూపిస్తే, ఇందులో పైవైపు ఏదని అడిగాడు. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పట్నుంచీ ఆయనకి ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"నేను లేకుండా ఎలా? నీ చెయ్యి పట్టుకునే ఉంటాను. ఒట్టు," అన్నాడు. ఆ మాటకి కూడా జాబితా అంచున ఒక టిక్కు పెట్టాడు. అది చూసి ఆవిడ నవ్వింది.

తరువాత ఆయన బ్యాగుకి సీలు వేశాడు. మామూలు ప్లాస్టిక్ సీలు కాదు, మెలితిప్పిన ఉక్కు తీగది. దానికని చేసిన కత్తెర తప్ప ఇంకేదీ దాన్ని తెంచలేదు. సీలు నంబరు జాబితాలో రాసుకున్నాడు. ఆసుపత్రిలో మనుషులే తారుమారవుతారు, బ్యాగులెంత అనుకుని, పైన ఒక లేబుల్ కూడా అంటించాడు. భార్య పేరు, ఆసుపత్రి పేరు, ప్రసూతి విభాగం, రెండో అంతస్తు. ఇంట్లో ఉన్నవి డిపో ఎర్ర లేబుళ్ళే. ఎర్ర లేబుల్‌కి అర్థం: అన్నిటికంటే ముందు వెళ్ళాలి, పేరున్న మనిషి చేతికే ఇవ్వాలి, సంతకం తీసుకోకుండా కదలకూడదు. బ్యాగుని వీధి గుమ్మం పక్కన నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, స్నానానికి వెళ్ళాడు.

అదే గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె కూడా ఉంది. నిబంధనల పుస్తకం కొత్త ముద్రణలో తప్పులు దిద్ది ఇంట్లో పెట్టుకున్న కాపీలవి. వాటిని తీసుకెళ్ళడానికి డిపో వ్యాను పంపమని ముందు రోజు ఆయనే చెప్పాడు. చెప్పి మర్చిపోయాడు.

వ్యాను ఎనిమిదిన్నరకి వచ్చింది. డ్రైవరు యాభై దాటిన మనిషి, డిపోలో అందరికంటే పాతవాడు, సీలు సారు పెట్టిన పరీక్షలో ఒక్క మార్కు కూడా పోగొట్టుకోనివాడు. తలుపు తీసింది అత్తగారు. కూతురి కాన్పుకి వారం క్రితమే వచ్చిన ఆవిడ, అల్లుడి పద్ధతులు చూసి చూసి, ఈ ఇంట్లో ఏదీ ముట్టుకోకుండా ఉండటమే మేలని తేల్చుకుంది.

"సారు పార్సిలుందన్నారండీ," అన్నాడు డ్రైవరు.

"ఏమో నాయనా, ఇదిగో ఈ రెండూ గుమ్మం దగ్గర పెట్టారు. ఏదో నువ్వే చూసుకో."

డ్రైవరు అట్టపెట్టెని నాలుగు వైపులా తిప్పి చూశాడు. లేబుల్ లేదు. లేబుల్ లేనిది సాక్షాత్తూ యజమాని ఇచ్చినా ఎత్తకూడదు, నాలుగో పేజీ. బ్యాగు చూశాడు. సీలుంది, నంబరుంది, ఎర్ర లేబులుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కగా కట్టిన పార్సిలు తను చూడలేదని అత్తగారితో చెప్పి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

సీలు సారు తల తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, గుమ్మం వైపు చూసి, తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బ్యాగేది?"

"మీ ఆఫీసు వ్యాను వచ్చి తీసుకెళ్ళింది కదా, అల్లుడుగారూ," అంది అత్తగారు. "మీరే చెప్పారటగా."

ఆయన తువ్వాలు అక్కడే పడేశాడు. డ్రైవరుకి ఫోను చేశాడు. మోగింది, మోగి మోగి ఆగింది. వ్యాను నడుపుతూ ఫోను ఎత్తకూడదు, ముప్ఫై రెండో పేజీ. ఆ పేజీ ఆయన ఎంత బాగా రాశాడో ఆయనకిప్పుడు తెలిసొచ్చింది.

"పోనివ్వండి," అంది భార్య కుర్చీలోంచి. ఒక చెయ్యి నడుం మీద ఉంది. "ఇంకో సంచిలో రెండు నైటీలు పడేసుకుందాం. మీరు కూర్చోండి కాసేపు."

"ఫైలు అందులో ఉంది. నీకు పడని ఇంజెక్షను చీటీ అందులో ఉంది. నేనెలా కూర్చుంటాను?"

"ఆ ఫైలు సంగతే నేను పొద్దున్నుంచీ..."

"గంటలో వస్తాను. తొమ్మిది రోజులుంది కదా, గంటలో ఏమవుతుంది?" అంటూనే ఆయన మెట్లు దిగిపోయాడు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే స్కూటరెక్కాడు. సగం దారి పోయాక, ఆవిడ ఏదో చెప్పబోయిందని గుర్తొచ్చింది. వచ్చాక అడగొచ్చులే అనుకున్నాడు. మొగుళ్ళు వాయిదా వేసే పనుల్లో ఇది మొదటిది.

డిపో గేటు దగ్గర గార్డు కొత్తగా చేరిన మనిషి. నలభై ఏళ్ళావిడ. పోయిన నెలే ఆయన క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది.

"కార్డు సార్," అంది.

కార్డు ఇరవై రెండో నంబరు. బ్యాగులో ఉంది.

"నేనెవరో నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు సార్. కార్డు లేనివాళ్ళని లోపలికి పంపొద్దని చెప్పింది మీరే కదా."

"చెప్పింది నేనే కదా. ఇప్పుడు పంపమంటున్నాను."

"నేనే వచ్చి బతిమాలినా పంపొద్దు అని కూడా మీరే చెప్పారు సార్. అలా బతిమాలి మాకు పరీక్ష పెడతానన్నారు." ఆవిడ కళ్ళలో చిన్న మెరుపు. ఈ పరీక్షలో తను నెగ్గుతున్నానని ఆవిడకి తెలుస్తోంది.

ఇది పరీక్ష కాదని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ నమ్మలేదు. చివరికి బయటివాళ్ళకిచ్చే చీటీ రాసింది. ఎవరిని కలవాలి అన్న గడిలో ఏం రాయమంటారని అడిగితే, విసుగెత్తి ఆయన 'బ్యాగు' అని తనే రాశాడు. ఆవిడ ఆయన ఫోను తీసుకుని గేటు పెట్టెలో వేసి తాళం పెట్టింది. బయటివాళ్ళ ఫోన్లు లోపలికి పోకూడదు. మెడలో పసుపు బిళ్ళ వేసింది. పద్నాలుగేళ్ళుగా దొరలా నడిచిన గేట్లోంచి ఆయన దొంగలా లోపలికి నడిచాడు. గేటు గడియారం పదీ అయిదు చూపిస్తోంది.

హాల్లో పార్సిళ్ళన్నీ బెల్టు మీద వరసగా వెళ్తున్నాయి. నేలమీద పసుపు గీత. బయటివాళ్ళు ఆ గీత దాటకూడదు. గీతకి అటువైపు, నాలుగడుగుల దూరంలో, ఆయన బ్యాగు బెల్టు మీద కూర్చుని నిదానంగా వెళ్తోంది. చెయ్యి చాపితే అందేలా ఉంది, కానీ అందదు. చూస్తుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

"నా బ్యాగయ్యా అది. దించు," అని హాలు ఇన్‌చార్జిని పిలిచాడు.

ఇన్‌చార్జి బెల్టు పక్కనే నడుస్తూ లేబుల్ చదివాడు. "మీ పేరు లేదే సార్ దీనిమీద."

"మా ఆవిడ పేరది."

"అయితే ఆవిడే వచ్చి తీసుకోవాలి సార్."

"ఆవిడ నిండు చూలాలయ్యా. ఎలా వస్తుంది?"

"రాలేకపోతే ఇబ్బందేం లేదు సార్. ఎర్ర లేబులు కదా, మనమే తీసుకెళ్ళి చేతికిస్తాం." మంచివాడు, నిజంగా ధైర్యం చెబుదామనే అన్నాడు. "పోనీ పంపినవాళ్ళు రాసిస్తే వెనక్కి ఇవ్వచ్చు. కానీ పంపినవారు అన్న చోట ఖాళీగా ఉంది సార్."

"నేను పంపలేదు కాబట్టి ఖాళీగా ఉంది."

"మీరు పంపకపోతే మీకెలా ఇస్తాం సార్?"

సీలు సారు గీతకి ఇటువైపే బ్యాగు వెంట నడిచాడు. ఇందులో తప్పు పట్టడానికి ఒక్క మాట కూడా లేదు. ఆ వాదన తనదే, అరవై నాలుగో పేజీ, ఉదాహరణతో సహా. బ్యాగు బెల్టు చివరికి చేరుతోంది. అక్కడ గోడకి కన్నం, కన్నానికి అవతల ఎర్ర లేబులు పార్సిళ్ళు మోసే ఎర్ర వ్యాను. ఆయనకి లోపల ఏదో తెగిపోయింది. పసుపు గీత దాటడానికి మాత్రం ఇప్పటికీ కాలు రాలేదు. గీతకి ఇటువైపు, గోడకి వేలాడుతున్న ఎర్ర తాడు కనబడింది. ప్రమాదం జరిగితే బెల్టు ఆపడానికి పెట్టిన తాడది. రెండు చేతులా పట్టుకుని లాగాడు.

సైరను మోగింది. బెల్టు ఆగింది. బ్యాగు మాత్రం అప్పటికే కన్నంలోంచి అవతలికి దాటిపోయింది.

తాడు లాగితే హాల్లో ఉన్న ప్రతి మనిషీ వెనక ఆవరణలోకి వెళ్ళి వరసగా నిలబడాలి, తలలు లెక్కపెట్టాలి, లెక్క సరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. అందరూ బుద్ధిగా నిలబడ్డారు. సీలు సారు కూడా నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోటే, మొదటి వరసలో మొదట. ఇన్‌చార్జి లెక్కపెట్టాడు. ఆ పూట హాజరు ఎనభై ఆరు. తలలు ఎనభై ఏడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనభై ఏడే. తక్కువొస్తే ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది గానీ, ఎక్కువొస్తే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు.

మూడోసారి లెక్క నడుస్తుండగా ఆవరణ పక్కనుంచి ఎర్ర వ్యాను బయల్దేరింది. బెల్టు ఆగినా, సైరను మోగినా, ఎర్ర వ్యాను ఆగకూడదు. దాన్ని నడుపుతున్నది పొద్దున ఇంటికొచ్చిన డ్రైవరే. వరసలో నిలబడ్డ సారుని చూసి, సెలవురోజు కూడా వచ్చి డ్రిల్లు చేయిస్తున్నాడని గౌరవంగా సెల్యూట్ కొట్టి, గేటు దాటిపోయాడు.

అప్పుడు తట్టింది ఆయనకి, ఎక్కువైన తల తనదేనని. తను ఇవాళ సెలవులో ఉన్నాడు, బయటివాడు. "నేనే," అంటూ వరసలోంచి బయటికి అడుగేశాడు.

"లెక్క మధ్యలో ఎవరూ కదలకూడదు సార్," అన్నాడు ఇన్‌చార్జి దీనంగా. "ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈయన తీసింది నూట పన్నెండు పేజీల గొయ్యి, అంత తొందరగా ఎక్కిరావడం కుదరలేదు. బయటపడేసరికి పదకొండున్నర కావచ్చింది.

గేటు దగ్గర గార్డు ఆయన ఫోను చేతికిచ్చింది. "పదకొండుసార్లు మోగింది సార్."

"ఎత్తొచ్చు కదమ్మా."

"పక్కవాళ్ళ ఫోను ఎత్తకూడదు సార్. పదహారో పేజీ."

పదకొండూ అత్తగారి ఫోన్లే. ఆఖరున వాయిస్ మెసేజు ఒకటి. "అల్లుడుగారూ, ఎక్కడున్నారు? అమ్మాయికి నొప్పులొచ్చేశాయి. నడుం నొప్పనుకున్నది అదేనట. పక్కింటివాళ్ళ కారులో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మిమ్మల్నే అడుగుతోందండీ." వెనకాల భార్య గొంతు సన్నగా వినబడింది. ఏమందో అర్థం కాలేదు. ఆయన దాన్ని రెండోసారి వినలేకపోయాడు.

స్కూటరు వైపు పరిగెత్తాడు. గార్డు అడ్డం వచ్చింది. బండి బయటికి పోవాలంటే చీటీ మీద కలిసిన మనిషి సంతకం ఉండాలి. చీటీ చూసింది. 'బ్యాగు' అని ఉంది.

"బ్యాగు సంతకం పెట్టదు కదా సార్," అంది. ఈసారి ఆవిడ మొహంలో మెరుపు లేదు, పాపం, నిజంగా బాధపడుతోంది.

స్కూటరుని అక్కడే వదిలేసి ఆయన పరుగందుకున్నాడు. ఆసుపత్రి మూడు కిలోమీటర్లు. మెడలో పసుపు బిళ్ళ, కాళ్ళకి ఇంటి చెప్పులు, తల దువ్వుకోలేదు. చెయ్యెత్తినా టాక్సీ ఏదీ ఆగలేదు. అలాంటి మనిషిని చూస్తే ఆయనైనా ఆపడు. మొదటి కిలోమీటరు, ఆ ఇంజెక్షను చీటీ గురించి భయపడుతూ పరిగెత్తాడు. రెండోది, ఒట్టేసిన మాట తలుచుకుంటూ. మూడోదానికి ఇంక ఏమీ తలుచుకోలేకపోయాడు. తనంత పనికిరాని మనిషి ఈ భూమ్మీద లేడని మాత్రం రూఢి అయింది. తొమ్మిది నెలలు టైమిస్తే, ఒక్క బ్యాగు ఇంట్లోంచి ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోయాడు.

రెండో అంతస్తులో ప్రసూతి విభాగం తలుపు ముందు ఒక నర్సు, బల్ల, రిజిస్టరు ఉన్నాయి. ఆయన భార్య పేరు చెప్పి, రొప్పుతూ బల్ల పట్టుకున్నాడు.

"లోపలే ఉన్నారు. దగ్గరపడింది," అంది నర్సు. "మీరెవరు?"

"ఆవిడ భర్తని."

నర్సు రిజిస్టరు చూసింది, ఆయన్ని చూసింది. "భర్త లోపలే ఉన్నారే. బ్యాగు తీసుకుని వచ్చారు. వెంట ఒక్కరికే పాసు."

"ఆయన మా డ్రైవరమ్మా. భర్తని నేను."

"కార్డేదైనా ఉందా?"

ఉంది. లోపల, ఇరవై రెండో నంబరు.

"మా అత్తగారిని అడగండి," అన్నాడు.

"పెద్దావిడా? బట్టలేం తేలేదని, తేవడానికి ఆ బ్యాగు రాకముందే ఇంటికెళ్ళారు." నర్సు గొంతు తగ్గించింది. "బాబూ, ఎవరు పడితే వాళ్ళు వచ్చి భర్తనంటే పంపేస్తే రేపు మా గతేమిటి? ఆ బెంచీ మీద కూర్చోండి."

ఆయన బల్ల వదిలేశాడు. తనైనా అదే చేస్తాడు. "ఒక్క మాట చెప్పండి లోపల," అన్నాడు. "ఆవిడకి ఒక ఇంజెక్షను పడదు. పేరు ఫైల్లో ఉంది, ఫైలు బ్యాగులో ఉంది." నర్సు ఏదో అనబోయింది గానీ లోపలినుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆయన బెంచీ మీద కూర్చుని, మెడలో బిళ్ళ రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తలుపుకి అవతల పది అడుగుల దూరంలో ఆవిడ భయపడుతోంది. ఇవతల ఆయన కూర్చున్నాడు. ఆ పది అడుగులు దాటించే నిబంధన పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

కాసేపటికి లోపలినుంచి కేరుమని ఏడుపు వినిపించింది. కొత్త గొంతు. సీలు సారు లేచి నిలబడ్డాడు. తరువాత ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

తలుపు తీసుకుని డ్రైవరు బయటికొచ్చాడు. చొక్కా చెయ్యి చిరిగింది. ముంజేతి మీద నాలుగు గోళ్ళ గాట్లు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆడపిల్ల సార్," అన్నాడు. "ఇద్దరూ క్షేమం."

సీలు సారు ఆ గాట్ల వైపు, చిరిగిన చొక్కా వైపు చూశాడు.

"చేతికే ఇవ్వాలని లేబులుంది కదా సార్. బ్యాగు చూసి వాళ్ళే లోపలికి పంపారు. అమ్మగారికి పెన్నిచ్చాను. సంతకం సగంలో ఉండగా నొప్పొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. మళ్ళీ వదల్లేదు. పట్టుకున్నది నా చెయ్యే గానీ, తిట్టింది మాత్రం మిమ్మల్నే." డ్రైవరు చిరిగిన చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు ముగ్గురు పిల్లలు సార్. ముగ్గురు పుట్టినప్పుడూ నేను వ్యాను మీదే ఉన్నాను. ఇలా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు."

తరువాత డ్రైవరు మెడలోంచి పాసు తీశాడు. తీసి, ఇవ్వకుండా ఆగాడు.

"ఒక్క సంతకం పెట్టండి సార్," అన్నాడు, తన పార్సిళ్ళ రిజిస్టరు చాపుతూ. "సంతకం లేకుండా ఏదీ చేతులు మారకూడదు కదా."

సీలు సారు సంతకం పెట్టాడు. పైన భార్య సంతకం ఉంది. మొదటి రెండక్షరాలు బుద్ధిగా గడిలో ఉన్నాయి, మూడోది కాగితం చివరిదాకా గీసుకుపోయింది. ఆ గీత మీద ఆయన వేలు కాసేపు ఆగిపోయింది.

లోపల ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది. పక్కన ఆసుపత్రి గుడ్డలో చుట్టిన పిల్ల. మణికట్టుకి పట్టీ, దానిమీద తల్లి పేరు, బరువు, పుట్టిన టైము. సీలు సారు మంచం పక్కన నేలమీదే కూర్చుండిపోయాడు.

"ఇంజెక్షను..." అన్నాడు.

"చీటీ చూసే ఇచ్చారు," అంది ఆవిడ, కళ్ళు తెరవకుండా. "అసలు ఫైలు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మూడు నెలల్నుంచీ అందులోనే ఉంది. మీరు సీలు వేసింది ఫ్రిజ్ వారంటీ కాగితాలకి. పొద్దున్నుంచీ అదే చెబుదామని చూస్తున్నాను."

ఆయన తల మంచం అంచుకి ఆనించాడు. పొద్దున్నుంచీ గేట్లు, గీతలు, సైరన్లు, మూడు కిలోమీటర్లు దేనికోసమో ఇప్పుడు తెలిసింది. ఆ ఫ్రిజ్‌కి వారంటీ కూడా అయిపోయి ఏడాదైంది.

"పక్కనుండమన్నాను మిమ్మల్ని," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. అదే ఆయనకి ఇంకా కష్టంగా ఉంది. "బ్యాగుని కాదు."

"తప్పైపోయింది," అన్నాడు. ఈసారి పేజీ నంబరు ఏదీ చెప్పలేదు.

చాలాసేపటికి ఆవిడ చెయ్యి కిందికి జారి ఆయన జుట్టు మీద పడింది, అక్కడే ఉంది. "ఏడవకండి. పిల్ల భయపడుతుంది," అంది. "దీని తలకి చలేస్తోంది. అమ్మ వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆ బ్యాగు తెరిచి టోపీ తియ్యండి. పెట్టారు కదా?"

పెట్టాడు. పద్నాలుగో నంబరు, ఊలు టోపీలు మూడు. ఆయనకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపటికి తన చేతుల మీదుగా ఒక పని జరగబోతోంది. బ్యాగు మంచం దగ్గరికి లాగాడు. సీలు చెక్కుచెదరలేదు. నర్సు తన కత్తెర ఇచ్చింది. దాని మొన విరిగింది తప్ప తీగ తెగలేదు.

"దీనికి వేరే కత్తెరుండాలే," అంది నర్సు.

"ఉంది," అని సీలు సారు హుషారుగా జేబులోంచి జాబితా తీసి, వేలుతో వరసలు వెతుకుతూ కిందికొచ్చాడు.

నలభై ఒకటి. సీలు కత్తెర. తీసినట్టు, పెట్టినట్టు, పెట్టింది మళ్ళీ చూసినట్టు.